ఐదో నెలా, ఐదు నెలలా?

9వ తేదీ. కనిగిరి మెట్టలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ).

నెలనెలా 9న గర్భిణులకు డాక్టరు పరీక్షలు. పదింటికల్లా వరండా నిండింది, రెండింటికి ఖాళీ అయింది. అసలు పని ఆ తర్వాతే. ఏఎన్ఎం (ఊళ్లు తిరిగే నర్సమ్మ) రిజిస్టరు, ఆశా కార్యకర్త డైరీ, అంగన్‌వాడీ టీచరు పుస్తకం మూడూ ఒకే బల్ల మీద పరిచి, పేరు పేరునా సరిచూడడం.

లెక్క కలవలేదు. ఎప్పుడూ కలవదు. అందులో బద్ధకం పాలు తక్కువే. తొలి కాన్పుకు పిల్ల పుట్టింటికి పోతుంది. అత్తగారి ఊరి ఏఎన్ఎం పేరు అట్టే ఉంచుతుంది, అంగన్‌వాడీలో సరుకు తీసుకోవడం లేదని టీచరు కొట్టేస్తుంది, పుట్టింటి ఊరి ఆశా కొత్తగా రాసుకుంటుంది. ఒకే మనిషి కొన్నాళ్లు రెండూళ్లలో కనిపిస్తుంది, లేదా ఎక్కడా కనిపించదు. బెంగళూరు పనులకు పోయిన జంటల సంగతి మరీ కష్టం.

ఎక్కువసేపు పట్టింది మాత్రం నెలల దగ్గర. ఇంట్లోవాళ్లు "ఐదో నెల" అంటే నాలుగు నిండి ఐదు నడుస్తోందని. ఐదు నెలలు నిండాయంటే దాదాపు 22 వారాలు. పుస్తకంలోకి ఎక్కేసరికి రెండూ ఒకటైపోతాయి. ఐదు నిండినామె పక్కన "ఐదో నెల" అని పడితే, స్కానుకు ఇంకా టైముందిలే, వచ్చే నెల చూద్దాం అనుకుంటారు. బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాను 18 నుంచి 22 వారాల లోపు కావాలి. వచ్చే నెలకు ఆమెకు 26 దాటుతాయి.

అందుకే మూడు పుస్తకాల్లోనూ నెలలు రాయడం మానేయాలి. ఆఖరి ముట్టు మొదటి రోజు, దానికి 9 నెలల 7 రోజులు కలిపిన కాన్పు తేదీ, ఈ రెండే ఉండాలి. ముట్టు తేదీ గుర్తులేనివాళ్లకు మొదటి స్కాను ఇచ్చిన తేదీ. తర్వాతి స్కానులో వేరే తేదీ వచ్చిందని దిద్దకూడదు. నెలలు గడిచేకొద్దీ స్కాను అంచనాలో తేడా పెరుగుతుంది.

రెండో చిక్కు, పెద్దాసుపత్రికి "పంపించాం" అనే మాట.

"రక్తం 6.8 గ్రాములున్నామెను ఏం చేశారమ్మా?"

"పంపించినాం సార్."

"పోయిందా మరి?"

"చీటీ రాసిచ్చినాం. ఆమే పోలా."

అబద్ధం కాదది. ఏఎన్ఎంకు చీటీ ఇవ్వడమే పంపడం, ఆశాకు ఆటో ఎక్కించడం, పెద్దాసుపత్రికి మనిషి వచ్చి ఓపీలో పేరు రాయించుకోవడం. ముగ్గురి కాగితాలూ సరిగ్గానే ఉంటాయి, మనిషి మాత్రం ఇంట్లోనే ఉంటుంది. ఇకనుంచి "పంపించాం" అని రాయాలంటే చేరిన తేదీ, అక్కడ ఏం చేశారు, మళ్లీ ఎప్పుడు చూపించాలి, ఈ మూడూ ఉండాలి. లేకపోతే "చీటీ ఇచ్చాం" అనే రాయాలి. 7 గ్రాముల లోపైతే అదే రోజు, ఆశా తోడుగా పంపాలి.

రక్తం అంకె పక్కన ఎక్కడ చూశారో కూడా రాయాలి. ఊళ్లో మీటరు 9.4 చూపి, ల్యాబు మిషను 8.6 చూపితే మందు పనిచేయలేదని కంగారు పడతారు. వేలిని గట్టిగా పిండినా నెత్తుటితోపాటు నీరు కలిసి అంకె తగ్గుతుంది.

ఐరన్, కాల్షియం మాత్రల సంగతి చిన్నదే గానీ చికాకు. ఏఎన్ఎం ఎడం పెట్టమంటుంది, టీచరు గుర్తుంటుందని అన్నం తిన్నాక రెండూ వేసుకోమంటుంది. కాల్షియం పక్కన ఉంటే ఐరన్ సరిగా ఒంటబట్టదు. ఇద్దరూ ఒకే మాట చెప్పాలి: కాల్షియం అన్నంతో, ఐరన్ కనీసం రెండు గంటలు ఆగి, ఆ దగ్గర్లో టీ కాఫీ వద్దు.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసి మూడు పుస్తకాల అట్ట లోపల అంటించారు. ఐదున్నరకు రెండు పేర్లు మిగిలాయి. ఒకామె ఫోను స్విచాఫ్. రెండో ఆమె పుట్టిల్లు ఉదయగిరి పక్క, జిల్లాయే మారిపోయింది. అక్కడి ఆశా నంబరు రేపు కనుక్కోవాలి.