217 ఏమైందంటే

మన బడి పాత విద్యార్థుల సావనీరు కమిటీ వాళ్ళు రాయమని నన్ను అడగడం ఇది మూడోసారి. మొదటిసారి మర్యాదగా మెసేజ్ పెట్టారు. రెండోసారి నేనిచ్చిన నెంబరుకి ఫోన్ చేస్తే ఎవరో ఇథియోపియా భాష అమ్హారిక్‌లో తిట్టారట, రెండంకెలు అటూ ఇటూ వేశాను. మూడోసారి మనం ‘రేడియో’ అని పిలుచుకునే క్లాసుమేటుని పురమాయించారు. రేడియో రంగంలోకి దిగాక రాయక తప్పుతుందా!

వాళ్ళ షీటులో ‘ప్రస్తుత హోదా’ అని ఒక గడి ఉంది. ‘టీచర్-లైబ్రేరియన్, ఇంటర్నేషనల్ స్కూలు, అడిస్ అబాబా’ అని నింపాను. పది నిమిషాల్లో వెనక బెంచీ నుంచి ప్రశ్న: “అంటే పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడమేనా? దానికి ఇథియోపియా దాకా ఎందుకు?”

ఇంటర్, డిగ్రీ, బీఈడీ, పెళ్ళి, పిల్లలు, అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో లైబ్రరీ సైన్సు డిగ్రీ బీఎల్‌ఐఎస్సీ, ఇవన్నీ అందరికీ ఉన్నవే, వదిలేస్తున్నాను. ఇక్కడ సగం రోజు ఇంగ్లీషు చెబుతాను, సగం రోజు లైబ్రరీ. పొద్దున చాప మీద చిన్నపిల్లలకి ఏనుగు కథ. మధ్యాహ్నం ఐబీ డిప్లొమా (మన ఇంటర్ లాంటి అంతర్జాతీయ కోర్సు) పిల్లలు 4,000 పదాల వ్యాసం పట్టుకుని వస్తారు. “ఇది ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎందుకు నమ్మాలి?” అని అడుగుతాను. వాళ్ళు నన్ను పోలీసులా చూస్తారు. ఆఫ్రికన్ యూనియన్ ఆఫీసు ఈ ఊళ్ళోనే కాబట్టి దౌత్యవేత్తల పిల్లలు ఎక్కువ. మూడేళ్ళు ఉంటారు, వెళ్ళిపోతారు. తీసుకెళ్ళిన పుస్తకం ఏ దేశం చేరిందో మాత్రం తెలియదు.

ఇక్కడి క్యాలెండరుకి పదమూడు నెలలు, పైగా మనకంటే ఏడెనిమిదేళ్ళు వెనక. కాబట్టి రేడియో, ఇక నువ్వు నాకంటే పెద్దవాడివే. గడియారం కూడా పొద్దున ఆరింటి నుంచి మొదలు. వచ్చిన కొత్తలో పుస్తకాల పెట్టెలు మూడింటికి వస్తాయంటే సాయంత్రం దాకా గేటు దగ్గర పడిగాపులు కాశాను. అవి ఉదయం తొమ్మిదికే వచ్చి వెనక్కి పోయాయి.

ఒకరోజు చిన్న క్లాసు పక్కనుంచి పోతుంటే పిల్లలు గొంతెత్తి అమ్హారిక్ అక్షరాలు చదువుతున్నారు: లె, లు, లీ, లా, లే, ల్, లో. ఒక్కో హల్లుకి ఏడు రూపాలు. గుణింతమే! గోడకి ఆనుకుని నిలబడిపోయాను. మా గేటు దగ్గర పెద్దాయన నేను ఇండియా అనగానే లేచి నిలబడ్డాడు. చక్రవర్తి కాలంలో ఆయనకి లెక్కలు చెప్పింది మనవాళ్ళేనట. ఎవరో మాస్టారు ఎప్పుడో చెప్పిన లెక్కలకి ఇప్పుడు నాకు నమస్కారం.

లైబ్రరీల్లో పుస్తకాలకి విషయాన్ని బట్టి నెంబర్లిచ్చే డ్యూయీ పద్ధతిలో ఇంగ్లీషు సాహిత్యానికి దర్జాగా 820, మన తెలుగుకి మూలనున్న 894.827. ఆ నెంబరు కింద ఇప్పుడు అరవై రెండు పుస్తకాలున్నాయి. అన్నీ సెలవులకి వచ్చినప్పుడల్లా పచ్చళ్ళు తగ్గించుకుని సూట్‌కేసులో మోసినవే. చూపించుకోవడానికి నాకున్నది అదే.

ఇక అసలు సంగతి. మన బడి హెడ్మాస్టరు గదిలో ఆకుపచ్చ పుస్తకాల బీరువా, దాని తాళంచెవి సోషల్ మాస్టారి మొలతాడుకి. మొలతాడుకని చెప్పింది మన క్లాసు ‘సోడా’, మనమెవరం చూడలేదు. ‘పుస్తకాలు వాడుకోవడానికే’ అని మన దేశంలో లైబ్రరీ సైన్సుకి ఆద్యుడు రంగనాథన్‌గారు 1931లోనే సూత్రం రాశారని బీఎల్‌ఐఎస్సీలో చదివినప్పుడు నాకా బీరువాయే కళ్ళముందు కనబడింది. కానీ పాపం, పుస్తకం పోతే రికవరీ సోషల్ మాస్టారి జీతంలోనే కదా.

తొమ్మిదో తరగతిలో ఆడిట్ అన్నారు. “అమ్మడూ, నీ దస్తూరీ ముత్యాలు” అని నన్ను కూర్చోబెట్టారు. మూడు రోజులు చీటీలు కత్తిరించి, నెంబర్లు రాసి, మైదా జిగురుతో అంటించాను. గోళ్ళల్లో ఆ జిగురు ఎండి తెల్లగా పొలుసులు లేచేది. తర్వాత ఆయన రిజిస్టరు చూసి నెంబరు పిలవడం, మనం “ఉంది సార్” అనడం. 215, ఉంది సార్. 216, ఉంది సార్. 217.

217.

ఆ ఎండ గుర్తుందా? లాంగ్ బెల్లు దాకా గ్రౌండులో మోకాళ్ళ మీద. సోడా సంచీ బోర్లిస్తే గోళీలు, సగం బలపం, వాళ్ళ చెల్లెలి రిబ్బను. స్కేలుతో పన్నెండు దెబ్బలు, లెక్కపెట్టాం. అప్పటినుంచి చెప్పు పోయినా, బంతి పోయినా, పెద్ద గుండు కాపీ చీటీ పోయినా 217 అనే అన్నాం.

మొన్న జూన్‌లో ఇక్కడ స్టాక్ వెరిఫికేషన్. బార్‌కోడు ఊడిపోయిన పాత పుస్తకాలకి నేనే చేత్తో నెంబర్లు రాసి అంటించాను. ఒకటి కొడితే కంప్యూటర్ ‘ఇది ఇప్పటికే లెక్కలోకి వచ్చింది’ అంది. ఇంకొకటేమో పోయిందంటుంది. చేతిలో పుస్తకం తిప్పి చూశాను. చివరి రెండంకెలు తారుమారు. నా దస్తూరీయే, ముత్యాలే. చిన్నపిల్లల స్టూలు మీద కూలబడ్డాను. 217, 271.

ఆ రోజు బీరువా కింది అరలో 271లు రెండు ఉండి ఉంటాయి. మాస్టారు 271 అని ఒక్కసారే పిలిచారు, ఎవరో ఉంది సార్ అన్నారు. రెండోదాన్ని ఎవరు పిలుస్తారు? ఆయన జీతంలో కోత పడిందని అటెండరు చెప్పాడు. ఆయన పోయే దాకా నాకిది తట్టలేదు.

సోడా, సంక్రాంతి ముందు ఆదివారం వస్తున్నాను. స్కేలు నువ్వే తెచ్చుకో, పన్నెండూ బాకీ. నా ఫోన్ నెంబరు కమిటీకి మళ్ళీ పంపాను. ఈసారి మావాడితో రాయించాను.