గట్టు మీది మల్బరీ

మన బడి పూర్వ విద్యార్థుల సంచికకు ఏదైనా రాయమని కమిటీవాళ్లు అడిగారు. గోడ దూకిన బ్యాచ్, పి.టి. సార్ విజిల్, ఆరో నంబరు గది సంగతులు ఎలాగూ మీరంతా రాస్తారు. నేను బయాలజీ సార్ మల్బరీ పాఠం ఒక్కటే రాస్తాను. తొమ్మిదీ పదీ ఎలా గడిచాయో గుర్తులేదు గానీ ఆ పాఠం ప్రతి మాటా గుర్తుంది.

మన హిందూపురంలో మల్బరీ అంటే ఆకే. పట్టుపురుగుల మేత కోసం తోటను కత్తిరించి పొదలుగా ఉంచుతారు, పండును ఎవరూ పట్టించుకోరు. కత్తెర పడని గట్టు చెట్టుకే విరగకాస్తుంది. సార్ దాని కింద నిలబెట్టి పండును నిలువునా కోయించారు. అది ఒక్క పండు కాదట. ఒక్కో పూస ఒక్కో పువ్వుది, రసం పట్టి ఉబ్బినవి ఆ పువ్వు రక్షకపత్రాలు. పనస, అనాస కూడా ఈ కోవలోవే. తొడిమ పండు లోపలి దాకా పోతుందని చూపించారు.

అమెరికాలోని పెన్సిల్వేనియాలో జూన్ నెలలో నేను ‘మల్బరీ పై’ (pie: రెండు మైదా పొరల మధ్య పండ్లు పెట్టి ఓవెన్‌లో కాల్చే వంటకం) అమ్ముతాను, దానికి ఆ పాఠమే ఆధారం. ఈ దేశానికి తెల్ల మల్బరీ వచ్చింది కూడా పట్టు కోసమే. వర్జీనియాలో 1619లోనే మల్బరీ నాటాలని చట్టం చేశారు. 1830లలో మొక్కల ధరలు వెర్రిగా పెరిగి 1839లో కుప్పకూలాయి. పట్టు నిలవలేదు, చెట్లు నిలిచాయి. పండు కోసిన మర్నాటికే మెత్తబడిపోతుంది కాబట్టి అంగళ్లలో దొరకదు. చెట్టు కింద దుప్పటి పరిచి కొమ్మ ఊపాల్సిందే.

తొడిమ లాగితే పండు చితుకుతుంది, కత్తెరతో కత్తిరించాలి. 9 అంగుళాల ‘పై’ ఒక్కదానికి 700 గ్రాముల పండ్లు, 150 గ్రాముల చక్కెర, 40 గ్రాముల కార్న్‌ఫ్లోర్, చిటికెడు ఉప్పు. మల్బరీకి తీపే గానీ పులుపు తక్కువ, 2 టేబుల్ స్పూన్ల నిమ్మరసం తప్పనిసరి. ఇంకా ఎర్రగా ఉన్న పండ్లు గుప్పెడు కలిస్తే మరీ మంచిది. పచ్చి కాయలు మాత్రం వద్దు, కడుపులో తిప్పుతుంది.

పై పొరకూ కింది పొరకూ కలిపి 300 గ్రాముల మైదా, 225 గ్రాముల చల్లని వెన్న, చెంచా ఉప్పు, 6 నుంచి 8 టేబుల్ స్పూన్ల ఐసు నీళ్లు. వెన్న బఠాణీ గింజలంత ముక్కలుగా కనబడుతూనే ఉండాలి. అది కరిగిపోతే పొరలు విడవవు. ముద్దను గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచాలి.

ముందే వేడెక్కిన ట్రే మీద, ఓవెన్ కింది అరలో, 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర 20 నిమిషాలు, తర్వాత 190 దగ్గర 40 నిమిషాలు. ప్రతి పూసా పగిలి రసం ఊరుతుంది. ఆ రసం నడిమధ్యన కూడా చిక్కగా బుడగలు కట్టేదాకా తీయకూడదు, లేకపోతే కార్న్‌ఫ్లోర్ ఉడకదు, కోస్తే పులుసే. తీశాక 4 గంటలు ఆరాలి.

డిసెంబరు కలయికకు ఓవెన్ ఉన్నవాళ్లు చెప్పండి. ఊళ్లో ఉన్నవాళ్లు మందు కొట్టని గట్టు చెట్టు చూసుకోండి. పండ్లు కాసినప్పుడే కోసి, ట్రేలో విడివిడిగా గడ్డకట్టించి కవర్లలో వేయండి. కరగనివ్వకుండానే చక్కెర, కార్న్‌ఫ్లోర్ కలిపేస్తాను, కాకపోతే ఓవెన్‌లో ఇంకో పావుగంట పడుతుంది.