కోతకు ఎన్ని ఇంగ్లిషు మాటలు: పన్నెండు వారాల కార్డుల పద్దు

ఇంగ్లిషు పేపరు తిరగేస్తే విషయం అర్థమవుతుంది, నోరు తెరిస్తే మాత్రం మాట అందదు. ఈ పద్దు అలాంటివాళ్ల కోసం. చూస్తే గుర్తుపట్టే మాటలు వేలల్లో ఉంటాయి, అవసరానికి నోటికొచ్చేవి వందల్లో ఉంటాయి. ఆ రెండో లెక్క పెంచడానికే ఈ కార్డులు. కార్డు మీద ఇంగ్లిషు మాట ఇంగ్లిషు అక్షరాల్లోనే రాయాలి. చదువుకోడానికి వీలుగా ఇక్కడ మాత్రం తెలుగు లిపిలో ఇస్తున్నాం.

సరంజామా

71 × 56 సెంటీమీటర్ల చార్టు కాగితాన్ని 10 × 7 ముక్కలు చేస్తే ఒక షీటుకు 56 కార్డులొస్తాయి. పన్నెండు వారాలకు 9 షీట్లు పట్టాయి. కాగితం లేత రంగులో, కాస్త మందంగా ఉండాలి. వెనక రాసింది ముందుకు కనబడితే అది పరీక్ష కాదు, చూచిరాత. పెన్ను బాల్‌పెన్నే. జెల్ పెన్ను రాత అందంగానే ఉంటుంది గానీ, వానాకాలంలో ఇక్కడి చెమ్మకీ, చేతి చెమటకీ నాలుగు రోజుల్లో అలుక్కుపోతుంది.

పెట్టెకు చెప్పుల డబ్బా చాలు, లోపల అట్టముక్కలు అడ్డం పెట్టి ఐదు అరలు చేసుకోవాలి. పూతరేకుల పెట్టె కూడా పనికొస్తుంది కానీ, నెయ్యి మరక ఉంటే చీమలు కార్డుల్లో కాపురం పెడతాయి.

అరల పద్ధతి జర్మన్‌లో రాసిన సెబాస్టియన్ లైట్నర్ 1972లో ప్రచారంలోకి తెచ్చినదే. మొదటి అర రోజూ, రెండోది మూడు రోజులకు, మూడోది వారానికి, నాలుగోది పదిహేను రోజులకు, ఐదోది నెలకు ఒకసారి తియ్యాలి. చెప్పగలిగిన కార్డు ఒక అర ముందుకు వెళ్తుంది. తప్పినది ఏ అరలో ఉన్నా మొదటి అరకే తిరిగొస్తుంది. ఒక్క అర వెనక్కి తోస్తే సరిపోదా అని అనిపిస్తుంది. సరిపోదు, మరిచిపోయిన మాటను మర్నాడే చూడకపోతే మళ్లీ పోతుంది. నేర్చుకున్నది మొదట్లో వేగంగా, తర్వాత నెమ్మదిగా మరుపున పడుతుందని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే కొలిచి చూపించాడు.

1 నుంచి 3 వారాలు: రోజుకు 12

ఆదివారం వదిలేసి వారానికి 72 చొప్పున మూడు వారాల్లో 216 కార్డులు. కార్డు రాయడానికి రెండేసి నిమిషాలు, అంటే రాతకే 24 నిమిషాలు. మూడో వారానికి రోజూ తిప్పాల్సినవి 60 దాకా పెరిగాయి, దానికి ఇంకో 12 నిమిషాలు. చూడ్డానికి పెద్ద లెక్క కాదు. కానీ తొందరలో రాసిన కార్డు పనికిరాని కార్డు. వాక్యం లేకుండా ఒకవైపు ఇంగ్లిషు మాట, రెండోవైపు తెలుగు అర్థం రాసి తోసేసినవే ఈ మూడు వారాల్లో ఎక్కువ. తర్వాత చింపేసినవీ ఎక్కువ అవే.

రెండో పొరపాటు వరి పట్టిక. పన, కొయ్యకాళ్లు, గడ్డి, ఊక, తవుడు, తాలు, నూక. వీటికి వరసగా షీఫ్, స్టబుల్, స్ట్రా, హస్క్, బ్రాన్, చాఫ్, బ్రోకెన్ రైస్. కల్లంలో రోజూ కనబడేవే కదా అని ఏడింటినీ ఒకే రోజు రాసేస్తే నాలుగో రోజుకు హస్క్ ఏదో బ్రాన్ ఏదో కలగాపులగం అయ్యాయి. ఇది తెలివితక్కువతనం కాదు. ఒకే కోవకు చెందిన మాటలు ఒకేసారి నేర్చుకుంటే ఒకదాన్నొకటి తొక్కేస్తాయని టింకమ్ 1993లో, వేరింగ్ 1997లో అనే ఇద్దరు పరిశోధకులు ప్రయోగాలు చేసి తేల్చారు. పాఠ్యపుస్తకాల్లో మాత్రం కూరగాయలన్నీ ఒక పేజీలో, రంగులన్నీ ఇంకో పేజీలో ఇంకా అలాగే ఉన్నాయి.

మందు తేలికే. పని వరసలో వేరువేరు భాషాభాగాలు కలిపి ఒక రోజుకు ఇవ్వాలి. టై, షీఫ్, స్టాక్: పనలు కట్టి కుప్ప వేశారు. హస్క్ రెండు వారాల తర్వాత, బ్రాన్ ఇంకో రెండు వారాల తర్వాత. ముందొచ్చినది మూడో అర దాటాకే దాని చుట్టాన్ని పిలవాలి.

4వ వారం: కొత్తవి లేవు

పాతవి తిప్పడం, చెడ్డవి తిరగరాయడం మాత్రమే. కార్డు నమూనా మార్చాం. ముందువైపు తెలుగు వాక్యం ఉంటుంది. వెనకవైపు ఇంగ్లిషు వాక్యం, అందులో నేర్చుకోవాల్సిన మాట కింద గీత, ఊనిక పడే, అంటే నొక్కి పలకాల్సిన, అక్షరం మీద చుక్క, అడుగున దాంతో జతగా వచ్చే మాట ఒకటి. ముందు తెలుగే ఎందుకంటే మాట్లాడేటప్పుడు దారి అటునుంచే కదా. ఇంగ్లిషు చూసి అర్థం చెప్పడం సగం పనే.

5, 6 వారాలు: క్రియ పట్టుకుని లాగడం, రోజుకు 6

మొత్తం పద్దులో బాగా కలిసొచ్చినది ఇదే. ఇంగ్లిషు జాబితా నుంచి కాకుండా తెలుగు క్రియ నుంచి బయల్దేరి, అది ఇంగ్లిషులో ఎన్ని ముక్కలవుతుందో చూడటం. మన క్రియలు పది పనులు చేస్తాయి, ఇంగ్లిషులో పనికో మాట.

కోయు. వరి కోశారు: హార్వెస్ట్, కొడవలితో అయితే రీప్. మల్లెపూలు కోసింది: పిక్. వంకాయలు కోసి పెట్టు: కట్, చిన్న ముక్కలైతే చాప్. గోదారి ఒడ్డును కోసేస్తోంది: ఎరోడ్. నది మధ్య లంకల్లో ఉండేవాళ్లకు ఈ మాట అన్నిటికంటే ముందు కావాలి. దీనికి జత బ్యాంక్: ది రివర్ ఈజ్ ఎరోడింగ్ ది బ్యాంక్. ఇదే ఎరోషన్ అయితే నామవాచకం, జత సాయిల్ లేదా రివర్‌బ్యాంక్. జీతంలో కోత: డిడక్షన్. కరెంటు కోత: పవర్ కట్. కోతలు కోస్తున్నాడు: బ్రాగ్. కడుపుకోతకు మాత్రం కార్డు లేదు. దాన్ని ఒక్క మాటలో పెట్టబోతే వాక్యం చచ్చిపోతుంది, విడమర్చి చెప్పాల్సిందే. కొబ్బరికాయలు కోనసీమలో కోయరు, దింపుతారు. ఇంగ్లిషులో అది మళ్లీ హార్వెస్టే.

కట్టు. ఫీజు కట్టాను: పే. ఇల్లు కట్టారు: బిల్డ్. గేదెను కట్టేయి: టై, మేతకు తాడుతో కడితే టెదర్. పందెం కట్టాడు: బెట్, లేదా ప్లేస్ ఎ బెట్. చీర కట్టుకుంటోంది: పుటింగ్ ఆన్. చీర కట్టుకుని ఉంది: వేరింగ్. చివరి రెండింటి దగ్గర తప్పనివాళ్లు అరుదు. కట్టుకునే పనికి పుట్ ఆన్, కట్టుకున్న స్థితికి వేర్. వీటిని ఒకే కార్డు మీద రాయకూడదు, పక్కపక్క రోజుల్లోనూ వద్దు. వరి పట్టిక గతే పడుతుంది.

వేయు ఇంకా పెద్ద అల్లరిది. లైటు వేయి అంటే స్విచ్ ఆన్ లేదా టర్న్ ఆన్. ఓపెన్ ద లైట్ అనేవాళ్లు ఇంకా ఉన్నారు. చేలో మందు వేశాం అంటే ఎరువుకు అప్లై, పురుగుమందుకు స్ప్రే. ఈ ఏడు మినుము వేశాం: గింజ చల్లితే సో. నాట్లు వేస్తే ట్రాన్స్‌ప్లాంట్, అదే ఊడ్పు. గొళ్లెం వేయి: బోల్ట్.

క్రియకు నాలుగు నుంచి ఆరు కార్డులు, రెండు వారాల మీద చల్లి రాయాలి. ముందువైపు తెలుగు వాక్యంలో సందర్భం తెలియకపోతే కార్డు చెడినట్టే. ఉత్త "కోశారు" అని రాస్తే దేనికి జవాబు చెప్పాలి?

7వ వారం: గట్లు, పాయలు

ఏటిగట్టు ఎంబాంక్‌మెంట్, అమెరికావాళ్లకు లెవీ. పొలం గట్టు బండ్, ఇది మనదేశపు ఇంగ్లిషు. పాయ డిస్ట్రిబ్యూటరీ: గౌతమి, వసిష్ఠ, వైనతేయ అన్నీ ఇవే. కూనవరం దగ్గర వచ్చి కలిసే శబరి ట్రిబ్యూటరీ. ఈ జంట తిరగబడనివాళ్లు లేరు. డిస్ట్రిబ్యూట్ అంటే పంచడం కదా, నది తన నీటిని పంచే పాయ అని పట్టుకుంటే నిలుస్తుంది. తూము స్లూస్, లంక రివర్ ఐలాండ్. కాలవ మీది లాకు ఇంగ్లిషు లాకే, తలుపు తాళానికీ అదే స్పెల్లింగు. పంటు మీద దాటితే ఫెర్రీ.

ధవళేశ్వరంలో కాటన్ 1847 నుంచి 1852 మధ్య కట్టించినదాన్ని ఇంగ్లిషులో ఆనికట్ అన్నారు. అది తమిళం నుంచి పోయిన మాట, మన ఆనకట్టకు తోబుట్టువు. కానీ బయటిదేశం వాళ్లతో ఆనికట్ అంటే తెల్లమొహం వేస్తారు. నీళ్లు పైనుంచి పొర్లిపోయే అడ్డుగోడకు వియర్ అనాలి. దాని స్థానంలో ఇప్పుడున్నది 175 గేట్ల బ్యారేజీ. నీళ్లను ఎత్తుగా నిలబెట్టి దాచేది డ్యామ్. తెలుగులో మూడింటికీ ఆనకట్ట అనేస్తాం, అందుకే మూడు కార్డులు.

మన దగ్గర్నుంచే వెళ్లిన మాట ఇంకోటి: బ్యాండికూట్. పొలం గట్టుకు బొరియలు పెట్టే పందికొక్కే అది. ఆస్ట్రేలియాలో ఆ పేరుతో పిలిచే జంతువు వేరు. దీనికి కార్డు అక్కర్లేదు, ఒకసారి వింటే చాలు.

8వ వారం: బస్తాల మీది ఇంగ్లిషు

ఊళ్లో ఇంగ్లిషు చదవడానికి ఏముందంటారు గానీ, యూరియా బస్తా, రొయ్యల మేత బస్తా, పురుగుమందు డబ్బా చాలా నేర్పుతాయి. నెట్ వెయిట్, కీప్ ఇన్ ఎ డ్రై ప్లేస్, మాయిశ్చర్. యూజ్ నో హుక్స్ అంటే కొంకి వేసి లాగొద్దని. కొంకీకి ఇంగ్లిషు ఆ బస్తా మీదే ఉంది. పురుగుమందు లేబుల్లో యాంటిడోట్ అంటే విరుగుడు. ఇది తెలియకపోతే ప్రాణాల మీదికొస్తుంది కాబట్టి ముందు దీన్ని రాసుకోవాలి. రొయ్య పైపొర విడవడం మోల్ట్, చెరువు నీటిలో ఉప్పుశాతం సెలినిటీ. అయితే బస్తా భాషలో పూర్తి వాక్యాలుండవు. మాట అక్కణ్నుంచి తెచ్చుకున్నా వాక్యం మనమే కట్టాలి.

9వ వారం: పలకడం

ఉచ్చారణను తెలుగు లిపిలో రాసుకోవడం మానేయాలి. వెస్ట్ అని రాస్తే పడమరో బనియనో తెలియదు, వైన్ అని రాస్తే ద్రాక్షసారాయో తీగో తెలియదు. ఇంగ్లిషులో ఒకదానికి కింది పెదవి పై పళ్లకు తగలాలి, రెండోదానికి పెదవులు గుండ్రంగా రావాలి. మన వకారం రెండింటినీ మింగేసింది. బస్సు, రోడ్డు అని చివర ఉకారం చేర్చే అలవాటు కూడా లిపిలోంచే గట్టిపడుతుంది. కార్డు మీద ఊనిక చుక్క చాలు, మిగతాది ఫోను నిఘంటువులో మూడుసార్లు విని పైకి అనాలి. రికార్డ్ నామవాచకమైతే ఊనిక మొదటి అక్షరం మీద, క్రియ అయితే రెండోదాని మీద. ఇలాంటి జంటలు ఇంగ్లిషులో చాలా ఉన్నాయి.

10, 11 వారాలు: జతలు, తెలుగు నీడలు

పెద్ద వాన బిగ్ రెయిన్ కాదు, హెవీ రెయిన్. చిక్కటి టీ స్ట్రాంగ్ టీ. తప్పు చేశాను అంటే మేడ్ ఎ మిస్టేక్, డిడ్ కాదు. దాని గురించి చర్చించాం అనే అలవాటు వల్ల డిస్కస్ తర్వాత అబౌట్ దూరుతుంది, తీసేయాలి. రీచ్ తర్వాత టు కూడా అంతే. నాకు వివరించు అన్నది ఎక్స్‌ప్లెయిన్ మీ అయిపోతుంది, అక్కడ మాత్రం టు ఉండాలి. ఒకచోట తీసేయాలి, ఇంకోచోట పెట్టాలి. సూత్రం వెతక్కుండా వాక్యాన్ని వాక్యంగానే మింగడం మేలు.

తెలుగులో కలిసిపోయిన ఇంగ్లిషు మాటలు మరీ మోసం చేస్తాయి. మన కవరు వాళ్లకు బ్యాగ్. మన కరెంటు పవర్ లేదా ఎలక్ట్రిసిటీ. అన్నం తినే హోటల్ రెస్టారెంట్. స్టెప్నీ స్పేర్ వీల్. తరగతిలో అడిగే డౌటు క్వశ్చన్. తెలిసిన మాటే కదా అని వీటికి ఎవరూ కార్డు రాయరు, తప్పులు ఎక్కువ దొర్లేది మాత్రం వీటి దగ్గరే.

ప్రయాణాల్లో పెట్టె మోయలేనివాళ్లకు ఫోన్లో అంకీ అనే కార్డుల యాప్ ఉంది. అందులో రోజుకు 20 కొత్త కార్డులని ముందే పెట్టి ఉంటుంది, దాన్ని 6కు దించాలి. ఎనిమిదిసార్లు తప్పిన కార్డుకు అది జలగ అని ముద్ర వేస్తుంది. ఆ నియమం అట్టపెట్టెకూ తెచ్చుకున్నాం. తప్పినప్పుడల్లా మూలన ఒక గీత, ఎనిమిది గీతలైతే చింపి, వేరే వాక్యంతో కొత్తగా రాయడమో వదిలేయడమో.

12వ వారం: లెక్క

మొదటి మూడు వారాల్లో 216, ఐదు నుంచి పన్నెండు దాకా వారానికి 36 చొప్పున 288. మొత్తం 504. చింపినవి 31, మిగిలినవి 473. మొదటి అరలో 38, రెండులో 61, మూడులో 97, నాలుగులో 129, ఐదులో 148. మొదటి అర 50 దాటితే కొత్తవి ఆపేయాలి, ఇది మూడో వారం నేర్పిన కొలత.

నవలలూ పేపర్లూ నిఘంటువు లేకుండా చదవడానికి ఎనిమిది, తొమ్మిది వేల మాటల కుటుంబాలు కావాలని పాల్ నేషన్ అనే భాషా పరిశోధకుడు 2006లో లెక్కగట్టాడు. డిసైడ్, డిసిషన్, డిసైసివ్ కలిపి ఒక కుటుంబం. 473 కార్డులు అందులో ఏ మూలకూ రావు. అసలు ఆ లెక్క గుర్తుపట్టే మాటలకు సంబంధించినది, దానికి కార్డులకంటే చదువు ముఖ్యం: పేజీకి నాలుగైదు తెలియని మాటలకు మించని పుస్తకం, రోజుకు పది పేజీలు. ఇక్కడి 473 నోటికి రావడం కోసం.

పదమూడో వారానికి రాసి పెట్టుకున్న క్రియ పట్టు: చేప పట్టు, పాలు పట్టు, నీళ్లు పట్టు, చెమట పట్టు, జ్వరం పట్టు, పిండి పట్టించు, రెండు గంటలు పట్టు. ఆరు కార్డుల్లో సరిపెట్టడం కష్టమే.