రాయలిస్ట్ వెంట: గిల్బర్ట్, ఎల్లిస్ దీవుల పటం ఎంతవరకు వచ్చిందంటే

చేతిపటాల వరుసలో ఈసారి 1892 నాటి బ్రిటిష్ యుద్ధనౌక రాయలిస్ట్ ప్రయాణాన్ని తలకెత్తుకున్నాను. కెప్టెన్ డేవిస్ ఆ ఏడాది మే 27న అబెమామా దీవిలో జెండా ఎగరేసి, పసిఫిక్ సముద్రంలోని గిల్బర్ట్ దీవులు (ఇప్పటి కిరిబాటిలో భాగం) బ్రిటిష్ రక్షణలోకి వచ్చాయని ప్రకటించాడు. తర్వాత మిగతా దీవుల్లోనూ అదే తంతు. తరావాలో మాత్రం వర్గాల మధ్య యుద్ధం సాగుతుంటే ఆపించి, తుపాకులు లాక్కోవలసి వచ్చింది.

ఎ3 కాగితం నిలువుగా పెట్టి, డిగ్రీకి 2.5 సెం.మీ. చొప్పున గళ్లు గీశాను. ఉత్తరాన 4 నుంచి దక్షిణాన 11 డిగ్రీల వరకు, తూర్పు రేఖాంశం 172 నుంచి 180 వరకు. అంటే 37.5 × 20 సెం.మీ. భూమధ్యరేఖ దగ్గర పని కాబట్టి పెద్ద సుఖం: అక్షాంశ, రేఖాంశ డిగ్రీలు రెండూ సుమారు 111 కి.మీ.లే. అట్టడుగున కూడా తేడా రెండు శాతం లోపే. గుండ్రటి భూమిని కాగితం మీద చదునుగా పరిచే ప్రక్షేపణల గొడవ లేకుండా చదరపు గళ్లు సరిపోయాయి. అక్షాంశంలో ఒక నిమిషం ఒక నాటికల్ మైలు కనుక దూరం కొలవాలంటే డివైడర్‌ను పటం ఎడమ అంచుకు ఆనిస్తే చాలు. తరావా నుంచి అబెమామాకు దాదాపు 80 మైళ్లు, కాగితం మీద మూడు సెంటీమీటర్ల పైచిలుకు.

సముద్రానికి పలుచని నీలం ముందే పూసి, బాగా ఆరాకే సిరా వేయాలి. లేకపోతే గీతలు పాకుతాయి. తరావా దిబ్బలకు ఆకారం వచ్చింది. ఎల్లిస్ దీవుల్లోని నియులకితా అర చదరపు కిలోమీటరు కూడా లేదు, 0.3 నిబ్బుతో పెట్టిన చుక్కే దీవికంటే పెద్దది! పడమరన దూరంగా ఉన్న బనాబా దీవి పటంలోకి రాదు. 1892 ప్రకటనల్లోనూ అది లేదు, కాబట్టి బెంగ లేదు.

అసలు ఆసక్తి గిల్బర్ట్‌కు దక్షిణాన ఉన్న ఎల్లిస్ దీవులది (ఇప్పటి తువాలు). డేవిస్ అక్కడికీ వెళ్లాడు. జెండా ఎగరేయమని దీవులవాళ్లే అడిగినా, ఆదేశాలు లేవని ఆగిపోయాడు. అక్టోబరులో కురాసావో నౌకలో కెప్టెన్ గిబ్సన్ వచ్చి ఆ పని పూర్తిచేశాడు. అందుకే డేవిస్ ప్రకటించిన చోట్ల నిండు ఎరుపు, ఊరికే చూసి వెళ్లిన చోట్ల ఖాళీ వలయం, గిబ్సన్‌కు ఆకుపచ్చ. మజిలీల మధ్య గీతలు కలపలేదు. గాలివాటునూ దిబ్బలనూ చూసుకుంటూ నడిచే ఓడకు తిన్నని గీత అబద్ధమే అవుతుంది.

గిల్బర్ట్ దీవులు 16కీ సిరా అయిపోయింది. ఎల్లిస్‌లో దక్షిణపు చుక్కలు మిగిలాయి. తర్వాత 1893లో మొదటి రెసిడెంట్ కమిషనర్‌గా వచ్చిన చార్లెస్ స్వేన్ పర్యటనలను ట్రేసింగ్ కాగితం మీద గీసి ఈ పటం పైన పరుస్తాను. అంతటి సముద్రాన్ని ఒక్క అధికారికి అప్పజెప్పిన లండన్ వాళ్లు ఈ గళ్లు లెక్కపెట్టి ఉంటారని నేను అనుకోను.