గెనిమ మీద కందిరీగ

పోయిన ఆదివారం అనంతపురం దగ్గర మా చెనిక్కాయ చేనికి పోయి, పని పక్కనపెట్టి గెనిమ (చేని గట్టు) మీద గంటసేపు కూర్చున్నాను. సన్నటి నల్ల కందిరీగ ఒకటి తనకంటే పొడుగున్న పచ్చ పురుగును పొట్ట కింద ఇరికించుకుని, దవడలతో తల దగ్గర పట్టుకుని నడుస్తోంది. బరువుకు ఎగరలేదు. గరిక అడ్డమొస్తే ఎక్కి దిగుతోంది గానీ, దోవ మాత్రం తప్పట్లేదు.

ఒకచోట పురుగును కింద పెట్టి, నేలమీది చిన్న రాయిని నోటితో పక్కకు లాగింది. కింద బొక్క! అక్కడ బొక్క ఉందని అంతసేపూ నాకు తెలియనే లేదు. ముందే తవ్వి, రాళ్ళతో మూసి, చుట్టుపక్కల గుర్తులు మనసులో పెట్టుకుని వేటకు పోయి వచ్చిందన్నమాట. లోపలికి దిగి, మళ్ళీ తల బయటపెట్టి, పురుగును వెనక్కి లాక్కుపోయింది.

వీటిని శాస్త్రంలో అమ్మోఫిలా అంటారు, ఇసుకను ఇష్టపడేది అని అర్థం. గుర్తుపట్టడం కష్టం కాదు. నడుము దారంలా సన్నగా, పొడుగ్గా ఉంటుంది, దాని చివర పొట్ట ఉబ్బి ఉంటుంది. చాలావాటికి పొట్ట మీద ఎరుపో నారింజ రంగో కనబడుతుంది. తుట్టె కట్టే కందిరీగ వాలినప్పుడు రెక్కలను పొడుగునా మడుస్తుంది, ఇది మడవదు. మంద ఉండదు, రాణి ఉండదు, ఒక్క ఆడదే తవ్వి, వేటాడి, గుడ్డు పెడుతుంది. కాపాడాల్సిన తుట్టె లేదు కాబట్టి మన మీదికి రాదు, చేత్తో పట్టుకుంటే తప్ప కుట్టదు.

నేను చూస్తుండగానే మా అవ్వ వచ్చి, "ఏందిరా అట్ల కూసున్నావు?" అంది. చూపించాను. "అదా, పురుగును ఎత్తకపోయి బొక్కలో పెట్టి తన మాదిరే మార్చుకుంటాది లే" అంది. భ్రమరకీటక న్యాయం మనందరం విన్నదే కదా, భ్రమరాన్నే తలుచుకుంటూ పురుగు భ్రమరమైపోతుందని. ఆ మాట చెప్పినవాళ్ళు కళ్ళు తెరిచి చూసినవాళ్ళే అని నాకు గట్టిగా అనిపిస్తుంది. బొక్కలోకి పురుగు పోవడం, కొన్నాళ్ళకు అందులోంచి కందిరీగ రావడం, రెండూ నిజమే. మధ్యలో జరిగేది మాత్రం మట్టి కింద ఉంది, కంటికి కనబడదు.

జరిగేది ఇది. కందిరీగ పురుగు పొట్ట వైపు కణుపు కణుపుకూ ముల్లు దింపుతుంది, అక్కడే దాని నరాల ముడులుంటాయి. పురుగు చావదు, కదలలేదు, అంతే. చస్తే కుళ్ళిపోతుంది, కదిలితే గుడ్డు నలిగిపోతుంది. దాని పక్కకు ఒక్క గుడ్డు అంటించి తల్లి బయటికొస్తుంది. గుడ్డు పగిలి వచ్చిన పిల్ల ఆ తాజా మాంసమే తిని, గూడు అల్లుకుని, కందిరీగై పైకి వస్తుంది. తల్లి తినేది మాత్రం పూలతేనె.

చివర్లో చూసిందే నాకు ఇంకా కళ్ళలో ఉంది. బొక్కలో మట్టి నింపి, ఒక గులకరాయిని దవడల్లో పట్టుకుని, దిమ్మెసతో నేల గట్టిచేసినట్టు టకటకా కొట్టింది. అమెరికాలో కందిరీగలను గమనించి పరిశోధించిన పెక్‌హామ్ దంపతులు ఇదే సంగతిని 1898లో రాశారు. పనిముట్టు వాడిన పురుగు! తర్వాత ఎండుపుల్ల ఒకటి పైన లాగేసి ఎగిరిపోయింది, నేను రెప్ప వేసి చూసేసరికి ఆ చోటు ఏదో నాకే తెలియలేదు.

ఈ ఒక్కటి చేనునంతా కాపాడుతుందని చెప్పను. కానీ ఇది ఎక్కువగా ఏరుకునేది నూగు లేని పురుగుల్నే, లద్దె పురుగు లాంటివి, మనం మందు కొట్టేదీ వాటికే, ఆ మందుకు ఇదీ చస్తుంది. ఇది తవ్వడానికి గడ్డి లేని వట్టి నేల కాస్త కావాలి. ఆ గెనిమ మీద నాలుగు మూరల మేర పార వేయొద్దని తమ్ముడికి చెప్పి, ఆనవాలుగా రెండు రాళ్ళు పెట్టి వచ్చాను. అవ్వ రోజూ పోయి చూస్తానంది.