రాయగడ లాడ్జిలో నాలుగు తాళంచెవులు

విజయనగరం నుంచి రైలు ప్రయాణం, మజ్జిగౌరమ్మ దర్శనం సవ్యంగానే జరిగాయి. చెప్పవలసింది ఒడిశాలోని ఆ రాయగడ లాడ్జి గురించి. గదికి 900 రూపాయలు, బకెట్ వేడినీళ్లకు మళ్లీ 30. ఇంత పుచ్చుకుని గదిలో ఫోనుకు సిగ్నల్ అందదంటే ఒళ్లు మండింది. ఆ రాత్రే, 2024 ఆగస్టు 7న పన్నెండు దాటాక, పారిస్ ఒలింపిక్స్ 1500 మీటర్ల పరుగు ఫైనల్. కిందికి దిగి కౌంటర్ పక్క బల్ల మీద కూర్చున్నాను.

కౌంటర్లో ఉన్న పెద్దాయన తెలుగువారే. గుణుపురం వైపు బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారట. “ఎవరు గెలుస్తారు బాబూ?” అన్నారు. నార్వే కుర్రాడు ఇంగెబ్రిగ్ట్‌సెన్ అన్నాను. “కాదు, బ్రిటన్ కెర్. నిరుడు బుడాపెస్ట్ ప్రపంచ పోటీల్లో వెనకే ఉండి చివరి చుట్టులో కొట్టాడు కదా.”

ఇంగెబ్రిగ్ట్‌సెన్ మొదటి 400 మీటర్లు 55 సెకన్లలోపే లాగేశాడు. మాస్టారు నాలుక చప్పరించారు. “ముందున్నవాడు గాలిని చీల్చాలి. వెనకవాళ్లు ఆ చాటున హాయిగా వస్తారు.” ఆ మాట నాకు గుచ్చుకుంది. బడిలో ఉండగా జిల్లా పోటీల్లో మొదటినుంచీ ముందుండి, చివరి మలుపులో ముగ్గురికి దారి వదిలేసి వెనకబడినవాణ్ణి. ముందుండి లాగేవాళ్లంటే నాకు ఇప్పటికీ ప్రాణం.

చివరికొచ్చేసరికి కెర్ పక్కకు చేరాడు. మేమిద్దరం వాళ్లిద్దరినే చూస్తున్నాం. ఇంగెబ్రిగ్ట్‌సెన్ కాస్త కుడికి జరిగాడు. లోపలి అంచున సందు దొరికింది, అందులోంచి అమెరికా హాకర్ దూసుకొచ్చాడు! 3:27.65, కొత్త ఒలింపిక్ రికార్డు. కెర్ రెండు, నుగూస్ మూడు. తన పాత ఒలింపిక్ రికార్డు కన్నా వేగంగా పరిగెత్తినా ఇంగెబ్రిగ్ట్‌సెన్‌కు పతకం లేదు. నా గొంతు పూడుకుపోయింది.

మాస్టారు కొక్కేల నుంచి నాలుగు తాళంచెవులు తీసి, ఇత్తడి బిళ్లలతో సహా ఆ నలుగురి స్థానాల్లో రిజిస్టరు మీద పరిచారు. “చూడండి, 200 మీటర్లుండగానే హాకర్ లోపలికి దూరబోయాడు. దారి మూసుకుపోయింది. తోసుకోలేదు, మలుపులో బయటికీ పోలేదు. పోతే దూరం పెరిగేది. ఓపిక పట్టాడు.” ఇంగెబ్రిగ్ట్‌సెన్ అనుకున్న 7వ నంబరు బిళ్లను వేలితో అర అంగుళం కుడికి జరిపారు. సందు తెరుచుకుంది. ఆ 7 నా గదిదే.

రెండు గంటల దాకా బిళ్లలు జరుపుతూనే ఉన్నాం. లేవబోతుంటే, “రేపు రాత్రి స్టీపుల్‌ఛేజ్, అదే అడ్డంకులూ నీటిగుంటా దాటే పరుగు, దాని ఫైనల్లో మన దేశపు సాబ్లే ఉన్నాడు. 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో సెకనులో 5 వందోవంతుల తేడాతో స్వర్ణం పోయింది పాపం” అన్నారు.

పొద్దున విజయనగరం రైలు ఎక్కలేదు. ఇంకో 900 కట్టాను.