ఫిల్టరు మార్చడం గంట పని, గాలి తియ్యడానికి రెండు రోజులు

నిన్న సాయంత్రం బండి స్టార్టయింది. చేతులకి డీజిల్ కంపు ఇంకా వదల్లేదు. అయినా మరిచిపోకముందే రాసేస్తున్నాను. పాత డీజిల్ బండి ఉన్నవాళ్ళెవరూ నాలా రెండు రోజులు పోగొట్టుకోకూడదు.

మాది పర్లాకిమిడి. బండి 2004 మోడల్, నాన్నగారు కొన్నది. కామన్ రైల్ (చాలా ఎక్కువ ఒత్తిడితో ఇంజిన్‌కి డీజిల్ అందించే కొత్త పద్ధతి) రాకముందు రకం డీజిల్ పంపు. పది రోజులుగా ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ పడిపోతోంది, మూడో గేరులో కుదుపులు. గురువారం అమ్మను కంటి డాక్టరుకి చూపించడానికి బరంపురం తీసుకెళ్ళాలి. అందుకని సోమవారం డీజిల్ ఫిల్టరు నేనే మార్చడానికి కూర్చున్నాను.

విప్పడం తేలికే. పాత ఫిల్టరులో ఉన్నది గాజు సీసాలో పోసి అరగంట ఉంచితే అడుగున రెండు వేళ్ళ మందాన నీళ్ళు దిగాయి. నీళ్ళు డీజిల్ కన్నా బరువు, ఫిల్టరు అడుగుకే చేరతాయి. వాటిని వదలడానికే అక్కడ డ్రైన్ మర ఉంటుంది. వానాకాలంలో దాన్ని అప్పుడప్పుడూ వదులు చేసి చూసుకోవాలి. ఇన్నేళ్ళు బండి అప్పజెప్పిన షెడ్డులో ఆ ముక్క ఒక్కరూ చెప్పలేదు. సర్వీసు డబ్బులు మాత్రం లెక్కగా తీసుకున్నారు.

కొత్త ఫిల్టరు రబ్బరు వాషరుకి కాస్త డీజిల్ రాసి, చేత్తో బిగించి, వాషరు ఆనాక ఇంకో ముప్పావు చుట్టు తిప్పాను. డీజిల్ దారిలో గాలి ఉంటే ఇంజిన్ ఆగిపోతుంది, దాన్ని వదలడానికి పైనున్న గాలి మర వదులు చేసి, చేతి పంపు నొక్కుతూ పోతే నురగ వచ్చింది, తర్వాత చుక్క గాలి లేకుండా డీజిల్ వచ్చింది. మర బిగించి సెల్ఫ్ కొట్టాను. స్టార్టయింది. రెండు నిమిషాలు నడిచి, దగ్గినట్టు ఆగిపోయింది.

మళ్ళీ గాలి తీశాను. మళ్ళీ రెండు నిమిషాలు. సోమవారం ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. సెల్ఫ్ పది సెకన్లకి మించి కొట్టకుండా, మధ్యలో మోటారు చల్లారనిస్తూ కూడా, చీకటిపడేసరికి బ్యాటరీ దిగిపోయింది. మంగళవారం షెడ్డతన్ని పిలిచాను. బానెట్ ఎత్తి చూసి ఒడియాలో "ఎయిర్ ధొరిచి" అన్నాడు. గాలి పట్టిందని నాకూ తెలుసు, ఎక్కణ్ణించి అన్నదే కదా నా ప్రశ్న! అతను ఇంకో అరగంట అదే చేతి పంపు నొక్కి, పంపు పోయిందని, విశాఖ పంపాలని, పద్దెనిమిది వేలవుతుందని తేల్చేశాడు. పోతూ పోతూ వీధిలో అందరూ వినేలా, "చదువుకున్నోళ్ళు ఫోన్లో చూసి బండి విప్పితే ఇంతే" అన్నాడు. ఎదురింటి వాళ్ళంతా గుమ్మాల్లో ఉన్నారు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

నిన్న పాతపట్నం నుంచి మా పెద్దమావయ్య వచ్చాడు. ముప్పై ఏళ్ళు లారీ నడిపిన మనిషి. వస్తూ తాపీవాళ్ళు మట్టం చూసుకునే లెవెల్ పైపు ముక్క ఒకటి తెచ్చాడు. ఫిల్టరు నుంచి పంపుకి వెళ్ళే నల్ల పైపు తీసి ఆ ముక్క పెట్టి, క్లిప్పులు బిగించి సెల్ఫ్ కొట్టమన్నాడు. పసుపుపచ్చటి డీజిల్లో ఆవగింజలంత బుడగలు వరుసగా పంపులోకి పోతున్నాయి. అంటే పంపు తప్పేమీ లేదు, గాలి అంతకు ముందే దూరుతోంది.

"ఒరే, పాత ఫిల్టరు పారేశావా?" అన్నాడు.

"లేదు మావయ్యా, పళ్ళెంలోనే ఉంది."

"దాని రబ్బరు ఏదిరా?"

చూస్తే పాత ఫిల్టరు గాడి ఖాళీ! ఆ వాషరు పైన, ఫిల్టరు బిగించే హెడ్డుకే అతుక్కుని ఉండిపోయింది. దాని మీదే నేను కొత్త వాషరు బిగించాను. రెండు వాషర్లు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవు. చేతి పంపు నొక్కినప్పుడు అంచున కాస్త చెమ్మ కనబడింది కూడా, చిందిన డీజిలే అనుకుని తుడిచేశాను. ఇంజిన్ నడుస్తుంటే పంపు అక్కణ్ణించే గాలి పీల్చుకుంటోంది.

ఆ పాత వాషరు చదునుగా, నల్లగా, హెడ్డు రంగులో కలిసిపోయి ఉంది. గోరుతో ఊడదీశాను.

కాబట్టి పాత ఫిల్టరు చేతిలోకి రాగానే ముందు దాని వాషరు దానికే ఉందో లేదో చూడండి. పంపు విప్పాలని ఎవరైనా అంటే, ముందు పారదర్శకంగా ఉండే పైపు పెట్టి బుడగలు చూపించమనండి. చూపించలేకపోతే బండి ఇవ్వకండి. కామన్ రైల్ బండ్లవాళ్ళు మాత్రం ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టరు పైపుల మీద చెయ్యి వెయ్యొద్దు. వెయ్యి బార్లు (మామూలు గాలి ఒత్తిడికి సుమారు వెయ్యి రెట్లు) దాటిన ఒత్తిడితో వచ్చే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

ఇవాళ తెల్లవారుజామున ఒక్క సెల్ఫుకే అందుకుంది. అమ్మను ఎక్కించుకుని టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం మీదుగా బరంపురం చేరాం. పలాస దాటేదాకా నా చెవులు ఇంజిన్ మీదే ఉన్నాయి. అమ్మ మాత్రం కంచిలి దాకా నిద్రపోయింది.